పాత మట్టికట్ట మదుము (నీరు వదిలే తూము) పక్కన మురికి ఊట, ఏం చేయాలి?
ఆనందపురం దగ్గర తోటలో సొంత మట్టికట్ట, ఎత్తు 5 మీటర్లు, వయసు నలభై ఏళ్ల పైనే. 2021 ఆనకట్టల భద్రతా చట్టం కిందికి ఇంత చిన్నది రాదు, కాబట్టి చూసుకోవాల్సింది మేమే.

దిగువన మదుము గొట్టాన్ని ఆనుకుని ఊట. 15 లీటర్ల బకెట్టు నాలుగు నిమిషాల్లో నిండుతోంది. మొన్నటిదాకా తేటనీరే, ఇప్పుడు గాజుగ్లాసులో పట్టి ఉంచితే అడుగున సన్నటి ఒండ్రు పేరుతోంది. అంటే లోపల కట్ట మట్టి కొట్టుకుపోతున్నట్టేనండి, అదే భయం. బంకమట్టితో మూసేస్తే నీరు ఇంకో దారి వెతుక్కుంటుంది. అందుకే ఊట మీద ఇసుక, దానిపైన కంకర, ఆపైన రాళ్లు పరుద్దామని ఉంది. ఒక్కో పొర ఎంత మందం ఉండాలి?

అక్టోబరు తుపాన్లలోపు నీరు దించాలి. రోజుకెన్ని అంగుళాలు దించితే లోపలి వాలు జారదు? పిల్లల ఈత, తెప్ప రెండూ ఆపించాం. మళ్లీ మొదలుపెడితే మదుము నోటికి ఎంత దూరంలో తాడు కట్టాలి?