కారణాంకాలు దొరక్కుండానే ప్రధాన సంఖ్య కాదని ఎలా తేల్చారు?

సున్నా మార్కులు:
పరీక్ష కోసం కాదు, ఊరికే బుర్ర తొలిచేస్తోంది. 2 పవర్ 67 మైనస్ 1 అంటే 147573952589676412927, మొత్తం 21 అంకెలు. ఇది ప్రధాన సంఖ్యేనని మెర్సెన్ 1644లో జాబితాలో వేశాడు, కాదని లూకాస్ 1876లో నిరూపించాడు, కానీ కారణాంకాలు బయటపడింది మాత్రం 1903లోనట! మధ్యలో 27 ఏళ్లు, దేనితో భాగించాలో ఎవరికీ తెలియకుండానే ఇది సంయుక్త సంఖ్య అని ఎలా ఒప్పుకున్నారు? నాకైతే ఇందులో ఏదో మోసం ఉందనిపిస్తోంది.

ఎక్కాల రాజు:
మోసం ఏమీ లేదు. ప్రధాన సంఖ్యలన్నీ తప్పకుండా పాటించే నియమాలు కొన్ని ఉన్నాయి, ఒక్కటి తప్పినా అది ప్రధాన సంఖ్య కాదు. ఫెర్మా చెప్పినది చూడండి: p 2 కంటే పెద్ద ప్రధాన సంఖ్య అయితే 2 పవర్ (p-1)ని p తో భాగిస్తే శేషం 1 రావాలి. 91 తీసుకోండి. 2 పవర్ 12 అంటే 4096, 91×45 = 4095, శేషం 1. 90లో పన్నెండ్లు ఏడు పోగా 6 మిగులుతుంది, కాబట్టి 2 పవర్ 90కి శేషం 2 పవర్ 6, అంటే 64. 1 రాలేదు, 91 దొరికిపోయింది! ఇందులో 7, 13 అనే మాట ఎక్కడైనా వచ్చిందా? మన గుంపువాడు కాదని తెలిసింది, ఎవరి పిల్లాడో తెలియలేదు, అంతే. లూకాస్ వాడిన పరీక్ష వేరు గానీ ఆలోచన ఇదే.

సున్నా మార్కులు:
భలే ఉంది. వెంటనే పైథాన్‌లో ఆ 21 అంకెల సంఖ్య మీదే వేసి చూశా. శేషం 1 వచ్చింది!! ఇప్పుడు లూకాస్ తప్పా, మీరు తప్పా, నా ఫోన్ తప్పా? టెన్షన్ పెట్టకండి.

ఎక్కాల రాజు:
హహ, తప్పు నాదే, ముందే చెప్పాల్సింది. శేషం 1 రాకపోతే ప్రధాన సంఖ్య కాదని ఖాయం, వస్తే మాత్రం ఏమీ తేలినట్టు కాదు. పైగా మీ సంఖ్య 2 పవర్ 67 కంటే ఒకటే తక్కువ కదా, అందుకే 2 పవర్ 67ని దానితో భాగిస్తే ఎలాగూ 1 మిగులుతుంది, ఆ సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే వచ్చేది 67కి గుణిజం కాబట్టి చివరికి కూడా 1 రాక తప్పదు. 2047 కూడా (23×89) ఇలాగే తప్పించుకుంటుంది. 2 దానికి సొంత మనిషి, ఆ సాక్ష్యం చెల్లదు. 2 బదులు 3తో వేయండి. మెర్సెన్ సంఖ్యల్లో (2 పవర్ ఎంతో మైనస్ 1 రకం) పెద్ద పెద్ద ప్రధాన సంఖ్యలను వెతికే గింప్స్ అనే ప్రాజెక్టు వాళ్లు వాడేదీ 3నే.

సున్నా మార్కులు:
3తో వేశా. ఏదో పొడుగాటి సంఖ్య వచ్చింది, 1 కాదు. లూకాస్‌కి సారీ.

రిటైర్డ్ లెక్కల మాస్టారు:
బాబూ, కారణాంకాలు దొరకనివి ఇప్పటికీ ఉన్నాయి. 2 పవర్ (2 పవర్ 20) ప్లస్ 1 అనే ఫెర్మా సంఖ్యకి 315653 అంకెలు. ప్రధాన సంఖ్య కాదని 1980లలోనే తేలినా, ఒక్క కారణాంకం కూడా చేతికి చిక్కలేదు. కాదని తేల్చడం, పగలగొట్టడం రెండూ వేర్వేరు పనులు. మన ఐఐటీ కాన్పూర్ వాళ్లు 2002లో ఇచ్చిన పద్ధతి కూడా ప్రధానమా కాదా అన్నదే చెబుతుంది, కారణాంకాలు ఇవ్వదు.

ఇక 1903 సంగతి. న్యూయార్క్ సభలో ఫ్రాంక్ నెల్సన్ కోల్ నోరు మెదపకుండా బోర్డు మీద 193707721 × 761838257287 గుణించి చూపించి కూర్చున్నాడని చెప్పుకుంటారు. ఆ గుణకారం నేనూ కాగితం మీద చేశా. అంకెల మొత్తాలు 37, 64, అంటే తొమ్మిదితో రెండింటికీ శేషం 1, జవాబుకీ 1 రావాలి. మొదటిసారి వచ్చింది గానీ జవాబు తప్పు, రెండు అంకెలు తారుమారు చేశాను, తొమ్మిదుల సరిచూపు దాన్ని పట్టుకోదు. మూడోసారికి కుదిరింది.