షాడో టీచర్ జీతం కూడా మనమే ఇచ్చుకోవాలా?

నిజాంపేట నాన్న:
మా బాబుకి ఏడేళ్లు, ఇంటి దగ్గర సీబీఎస్‌ఈ బడిలో రెండో తరగతి. ఆటిజం ఉంది, మాటలు తక్కువ, లెక్కలంటే ప్రాణం. మొన్న ప్రిన్సిపాల్ మేడమ్ పిలిచి, దసరా సెలవుల తర్వాత షాడో టీచర్‌ని పెట్టుకుంటేనే పంపండి, జీతం మీరే చూసుకోవాలి అన్నారు. వాకబు చేస్తే నెలకి 18 వేలట. ఫీజు కడుతున్నా, బస్సుకి కడుతున్నా, స్పీచ్ థెరపీకి కడుతున్నా, ఇప్పుడు బడిలో వాడి పక్కన కూర్చునే మనిషికీ నేనే కట్టాలా? 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 16వ సెక్షన్‌లో, గుర్తింపు ఉన్న బడులు వివక్ష లేకుండా చేర్చుకోవాలి, ఒక్కో పిల్లవాడికి తగిన సాయం ఏర్పాటు చేయాలి అని ఉంది. అదే అడిగితే "చట్టాలు మాట్లాడితే కష్టం సార్" అన్నారు. మీరేమంటారు?

ఉప్పల్ వైస్ ప్రిన్సిపాల్:
అన్నా, తిట్టుకోనంటే అవతలి వైపు చెప్తా. మాది చిన్న బడి, నెల ఫీజు 2,200, సెక్షన్‌కి నలభై మంది. మా టీచరమ్మకి ఇచ్చేదే 14 వేలు. షాడోకి 18 వేలు ఇస్తే ముందు నన్ను నిలదీసేది మా స్టాఫే. చట్టంలో షాడో టీచర్ అనే మాట కూడా లేదు. సాయం చేయాలని రాశారు, సరే, ఆ డబ్బు ప్రైవేటు బడికి ఎవరిస్తారు? చేర్చుకుని మూల కూర్చోబెట్టే కన్నా మా వల్ల కాదని ముందే చెప్పడం నయం అని నా ఉద్దేశం.

రిసోర్స్ రూమ్ అక్క:
వైస్ ప్రిన్సిపాల్ గారూ, మీ డబ్బు బాధ నిజమే కానీ ప్రశ్నే తప్పుగా అడుగుతున్నారు. పదకొండేళ్లుగా స్పెషల్ ఎడ్యుకేటర్‌గా, అంటే ఇలాంటి పిల్లలకి నేర్పే టీచర్‌గా చేస్తున్నాను, షాడో వచ్చాక క్లాసు టీచర్ ఆ పిల్లవాడితో మాట్లాడటం మానేయడం ఎన్నిసార్లు చూశానో! "పుస్తకం తీయమనండి" అని షాడోకి చెప్తారు, వాడు ఎదురుగానే ఉంటాడు. పక్క పిల్లలూ అంతే. కొందరికి షాడో నిజంగా అవసరం, కాదనను. చాలామందికి ముందు కావాల్సింది ప్రిన్సిపాల్ టైమ్‌టేబుల్ ముందేసుకుని ఒక గంట కూర్చోవడం.

కూకట్‌పల్లి వైపు నేను పనిచేసిన బడిలో ఒక పాప రోజూ పదకొండింటికి చెవులు మూసుకుని బల్ల కిందకి దూరేది. మొండితనం అన్నారు, అమ్మని పిలిపించారు, షాడోని తెచ్చుకోమన్నారు. తీరా చూస్తే కరెంటు బెల్ సరిగ్గా ఆ గది తలుపు మీదే ఉంది. గది మార్చారు, అంతే. అన్నీ ఇంత తేలిగ్గా తేలవు, ఆ పాపకి రాయడంలో ఇబ్బంది ఇంకా ఉంది, కానీ బల్ల కిందకి దూరడం వారంలో ఆగింది. గది మార్చే అధికారం క్లాసు టీచర్‌కి ఉండదు, అమ్మానాన్నలకి ఉండదు. ఆఫీసు రూమ్‌లో కూర్చున్న వాళ్లకే ఉంటుంది.

నిజాంపేట నాన్న గారూ, సీబీఎస్‌ఈ గుర్తింపు ఉన్న బడిలో స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండి తీరాలి. ఎవరో పేరు అడగండి. చాలాచోట్ల రిజిస్టర్‌లో ఉంటారు, మనిషి మాత్రం సెలవు పెట్టిన హిందీ టీచర్ క్లాసులో ఉంటుంది. (నేనూ ఒక ఏడాది అలాగే గడిపాను, అనుభవంతోనే చెప్తున్నా.)

మణికొండ మమ్మీ:
నన్ను చెడ్డదాన్ని అనుకున్నా పర్వాలేదు. మా అమ్మాయిని అలాంటి బాబే పోయినేడాది చేతి మీద కొరికాడు. బాబు మీద నాకు కోపం లేదు. స్కూల్ నాకు ఫోన్ కూడా చేయలేదు, సాయంత్రం స్నానం చేయించేటప్పుడు చూశాను. మళ్లీ ఏమవుతుందో అని రోజూ టెన్షన్. అందర్నీ కలిపి చదివించాలనే వాళ్లు మా పిల్లల గురించి కూడా ఒక్క మాట చెప్పండి.

నిజాంపేట నాన్న:
మేడమ్, మీరు చెడ్డవారు కాదు. మా వాడూ ఒకసారి ఒకరిని తోసేశాడు, ఆ పిల్ల వాళ్లమ్మ నంబర్ అడిగితే క్షమాపణ చెప్పుకోవడానికి కూడా స్కూల్ ఇవ్వలేదు. మన ఇద్దరికీ తెలియకుండా దాస్తే గొడవ ఉండదని వాళ్ల లెక్క.

రిసోర్స్ రూమ్ అక్క:
మణికొండ మమ్మీ గారి కోపం న్యాయమే. కొరికిన రోజే ఇద్దరి ఇళ్లకీ ఫోన్ వెళ్లాలి, అంతకుముందు పది నిమిషాల్లో ఏం జరిగిందో రాసి పెట్టాలి. అది రాయకపోతే మళ్లీ జరుగుతుంది.

సర్కారు సారు:
మీరంతా ప్రైవేటు గురించే మాట్లాడుతున్నారు. మా దగ్గర ఇలాంటి పిల్లల కోసం సర్కారు నడిపే భవిత కేంద్రం ఉంది, ఫీజు లేదు, ఫిజియోథెరపీ శిబిరం కూడా పెడతారు. ఇక ర్యాంపు కథ వినండి. మా హైస్కూల్‌కి ర్యాంపు కట్టించారు, చక్కగా ఉంది, దాని మీద మా స్టాఫ్ బైకులు పెడతారు. నాదీ అక్కడే ఉండేది, ఒకరోజు పోలియో ఉన్న తొమ్మిదో తరగతి పిల్లాడు దాని పక్కన మెట్ల మీద చేతులానించి ఎక్కుతుంటే చూసి సిగ్గేసి తీసేశాను. మిగతా బైకులు తీయించడానికి హెడ్మాస్టర్‌కి రెండు నెలలు పట్టింది. పైసా ఖర్చు లేదు.

ఉప్పల్ వైస్ ప్రిన్సిపాల్:
బైకుల మాట బాగా తగిలింది సార్, మా బడిలో ఆ చోట జనరేటర్ ఉంది. గదులు మార్చగలను, ఒప్పుకుంటున్నా. కానీ జీతం సంగతి అక్కడే ఉంది. 2021లో సుప్రీంకోర్టు ప్రైమరీలో ఇలాంటి పిల్లలు పది మందికి ఒక స్పెషల్ టీచర్, ఆపై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు అంది. మా బడి మొత్తంలో ఉన్నది ముగ్గురు.

రిసోర్స్ రూమ్ అక్క:
ముగ్గురే ఉంటే పక్క వీధి బడులు రెండింటితో కలిసి ఒక మనిషిని పెట్టుకోండి, వారంలో ఒక్కో బడికి రెండు రోజులు. ఖర్చు మూడో వంతుకి వస్తుంది. మీరు మీరు అడ్మిషన్ల కోసం కొట్టుకుంటారు కాబట్టి ఇది కుదరదు అంటారు, తెలుసు. మీ టీచర్లకి శిక్షణ కావాలంటే బోయిన్‌పల్లి మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యాల జాతీయ సంస్థ 1984 నుంచి ఉంది, ఒకసారి వెళ్లి అడగండి. ఉప్పల్ నుంచి ఎంత దూరం కనక!

మణికొండ మమ్మీ:
పక్క బడితో కలవడమా, మా ఏరియాలో ఫ్లెక్సీల కోసమే కొట్టుకుంటారు.

నిజాంపేట నాన్న:
ఇవాళ వెళ్లాను. షాడోని తెచ్చుకుంటేనే పంపమన్న మాట కాగితం మీద రాసివ్వమన్నా. రాయరట. స్పెషల్ ఎడ్యుకేటర్ ఎవరని అడిగితే ఒకరినొకరు చూసుకున్నారు, తర్వాత లైబ్రరీ మేడమ్‌ని చూపించారు. సోమవారం ఆవిడ, క్లాసు టీచర్, నేను, ముగ్గురం కూర్చోవాలని మాత్రం ఒప్పుకున్నారు. జీతం మాట మళ్లీ ఎత్తలేదు, వదిలేశారని కూడా అనలేదు.

ఉప్పల్ వైస్ ప్రిన్సిపాల్:
సోమవారం ఏమైందో రాయన్నా. అక్కా, చిన్న ప్రశ్న, గది మార్చడం కుదరకపోతే బెల్‌కి ఏం చేయాలి? మా యూకేజీ పక్కనే ఉంది, ఒక బాబు రోజూ ఏడుస్తాడు, నిద్రమొహం అనుకున్నాం.

రిసోర్స్ రూమ్ అక్క:
ఆ వరండాలో కరెంటు బెల్ తీసేసి చేతిగంట పెట్టించండి. కొట్టడానికి ఐదు నిమిషాల ముందు ఆయమ్మ వెళ్లి ఆ బాబుకి చెప్పాలి, రోజూ ఆవిడే.