గండికోట, బెలూం తిరగడానికి చిన్న కెమెరా ఏది తీసుకోవాలి?

ప్రొద్దుటూరు నుంచి:
అందరికీ నమస్తే. సెలవు దొరికితే గండికోటకో, సిద్ధవటానికో, బెలూం గుహలకో బండేసుకుని పోతుంటాం. ఇన్నాళ్లూ ఫోన్‌తోనే నెట్టుకొచ్చాను గానీ లోయ అవతలి గట్టును కాస్త దగ్గరికి లాగితే చాలు ఫొటో అలికేసినట్టు వస్తోంది, ఎండలో వీడియో తీస్తుంటే ఫోన్ వేడెక్కి దానంతటదే ఆగిపోతోంది. జేబులో పట్టాలి, వీడియో బాగుండాలి, 80 వేల దాకా పెట్టగలను. సోనీ జెడ్‌వీ-1, ఆర్‌ఎక్స్ 100 మార్క్ 7, కెనాన్ జీ7ఎక్స్ మార్క్ 3 చూసి పెట్టుకున్నా. జూమ్ ఎక్కువున్నదే కొనమని మా తమ్ముడు ఒకటే పోరు. ఏం చేయమంటారు?

కడప నుంచి:
అన్నా, జూమ్ సంగతి తర్వాత, ముందు సెన్సర్ చూడు, అంటే లోపల వెలుగును పట్టి ఫొటోగా మార్చే చిప్పు. నువ్వు రాసిన మూడింటిలోనూ ఉన్నది 1 అంగుళం సెన్సరే. 30 రెట్ల జూమ్ అని అమ్మే చిన్న కెమెరాల్లో ఎక్కువగా 1/2.3 అంగుళాలది ఉంటుంది, వైశాల్యంలో దీనికి నాలుగో వంతు. పట్టపగలు తేడా అంతగా తెలీదు, బెలూంలోకి దిగాక తెలుస్తుంది. అక్కడ వీడియోకి సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగును లోపలికి వదిలే సమయం) సెకనులో 1/50 వంతు పెట్టుకో. మన కరెంటు 50 హెర్ట్జ్ కదా, 1/60 పెడితే కొన్ని లైట్ల కింద చారలు పాకుతాయి.

ఇక బయట ఎండలో అదే 1/50 పెడితే ఆకాశమంతా తెల్లగా కొట్టుకుపోతుంది. షట్టర్ వేగం పెంచితే వెలుగు తగ్గుతుంది గానీ నడిచే మనుషులు అదురుతున్నట్టు కనిపిస్తారు. అందుకే ఎన్‌డీ ఫిల్టర్ కావాలి, కెమెరాకు నల్లకళ్లద్దాలు పెట్టినట్టు. జెడ్‌వీ-1లో, కెనాన్‌లో అది లోపలే ఉంది. మార్క్ 7లో లేదు, బయట బిగించడానికి లెన్సుకు మరలు కూడా లేవు. పైగా జెడ్‌వీ-1తో మైకుకు తొడిగే బొచ్చు ముక్క వస్తుంది, గండికోట గాలికి అది ఉండాల్సిందే. నా ఓటు దానికే.

అనంతపురం నుంచి:
ఎన్‌డీ మాట నిజమే, కానీ కంటికి ఆనించుకుని చూసే వ్యూఫైండర్ గురించి ఎవరూ చెప్పలేదు. జెడ్‌వీ-1కీ, ఆ కెనాన్‌కీ అది లేదు. గుత్తి కోట పైన మిట్టమధ్యాహ్నం నిలబడితే స్క్రీన్ మీద మన ముఖమే కనిపిస్తుంది, తల ఫ్రేములో ఉందో తెగిపోయిందో ఇంటికొచ్చాకే తెలిసేది. మార్క్ 7కి ఉంది, 24–200 మి.మీ. జూమ్ కూడా (రెండో అంకె ఎంత పెద్దదైతే దూరపువి అంత దగ్గరికొస్తాయి), కానీ నీ బడ్జెట్ దాటుతుంది. సెకండ్ హ్యాండ్‌కు అభ్యంతరం లేకపోతే ఆర్‌ఎక్స్ 100 మార్క్ 5ఏ చూడు బ్రో. వ్యూఫైండర్, ఎన్‌డీ రెండూ ఉన్నాయి, లెన్సు 24–70. బయటి మైకు పెట్టుకునే రంధ్రం మాత్రం లేదు. కెమెరా ముందు మాట్లాడే పని ఉంటే జెడ్‌వీ-1, లేకపోతే ఇదే అంటాను.

కర్నూలు నుంచి:
పైన చెప్పినవాటిలో దేనికీ దుమ్ము ఆపే సీలింగ్ లేదు, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. లెన్సు బయటికొచ్చి లోపలికి పోయే ప్రతిసారీ గాలితోపాటు దుమ్మునూ లాక్కుంటుంది. బెలూం దారిలో నాపరాళ్ల లారీ ముందు పోతుంటే కెమెరా ఆన్ చేయకండి, జిప్ సంచిలోనే ఉంచండి. సెన్సర్ మీద ఒక్క నలుసు కూర్చుంటే ప్రతి ఫొటోలో ఆకాశం మీద అదే మచ్చ, లెన్సు ఊడదు కాబట్టి మీరు తుడవలేరు, సర్వీసులో విప్పించాల్సిందే. సెకండ్ హ్యాండ్ అయితే కొనే ముందే ఎఫ్/11 పెట్టి (లెన్సు లోపలి రంధ్రాన్ని బాగా చిన్నది చేసే సెట్టింగ్, మచ్చలు స్పష్టంగా తేలతాయి) ఖాళీ ఆకాశాన్ని ఒక ఫొటో తీసి, పెద్దది చేసి మూలమూలా చూడండి. సోనీ బ్యాటరీ కూడా చిన్నది, అదనంగా రెండైనా దగ్గర పెట్టుకోండి.

ప్రొద్దుటూరు నుంచి:
చాలా థాంక్స్ అన్నా అందరికీ. నేను మాట్లాడుతూ తీసేది తక్కువే, కోటలూ కొండలే ఎక్కువ. అందుకే మార్క్ 5ఏ వైపే మొగ్గుతున్నా. కడపలో ఒకాయన అమ్ముతున్నాడట, ఆదివారం పోయి ఆ ఆకాశం టెస్ట్ చేసి ఫొటో ఇక్కడే పెడతా, మచ్చలున్నాయేమో మీరూ ఒకసారి చూడండి.