పాస్‌పోర్టులో కనిపించిన ‘లెట్’: ఇంగ్లీషు మాటల పాత అర్థాలు మీకెక్కడ ఎదురయ్యాయి?

కావలి ఉపాధ్యాయుడు:
మా పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతున్న ఒక అబ్బాయి, కువైట్‌కు వెళ్లబోతున్న తన తండ్రి పాస్‌పోర్టును పోయిన వారం నా దగ్గరకు తెచ్చి, అందులోని ఒక మాట మీద వేలు పెట్టి చూపించాడు. ఈ పత్రం కలిగినవారిని ‘వితౌట్ లెట్ ఆర్ హిండ్రెన్స్’ పోనివ్వవలసిందిగా రాష్ట్రపతి పేరు మీద కోరుతున్న వాక్యం అది. “లెట్ అంటే అనుమతించడమని మీరే చెప్పారు కదా సార్, మరి లెట్ లేకుండా పోనివ్వడమంటే అనుమతి లేకుండా పోనివ్వమనా?” అని అడిగాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు. మరునాడు చెబుతానని పంపించి, ఆ రాత్రి నిఘంటువు తీశాను.

పాత ఇంగ్లీషులో దాదాపు ఒకేలా వినిపించే రెండు వేరు వేరు క్రియలు ఉండేవి. ఒకదానికి విడిచిపెట్టడమనీ, రెండోదానికి అడ్డగించడమనీ అర్థం. ఈ రెండోది ‘లేట్’ అనే మాటకు చుట్టం. కాలక్రమంలో రెండూ ఒకే ఉచ్చారణలో కలిసిపోయాక, అడ్డగించే ‘లెట్’ వాడుకలోంచి తప్పుకొని ఇటువంటి పత్రాలలోనూ, టెన్నిస్‌లో సర్వీసు బంతి వలకు తగిలి అవతల పడినప్పుడు అంపైరు పలికే మాటలోనూ మిగిలింది. ఇరవై ఏళ్లుగా పాఠం చెబుతున్న నాకు ఈ సంగతి ఒక పిల్లవాడు అడిగితే గాని తెలియలేదు. మీకు ఇటువంటి మాటలు ఎక్కడ తగిలాయో రాయవలసిందిగా కోరుతున్నాను.

ఒంగోలు పాఠకురాలు:
మా అమ్మమ్మ దగ్గర ఒక పాత ఇంగ్లీషు బైబిలు ఉండేది. 1611లో వెలువడిన జేమ్స్ రాజు కాలపు అనువాదమే అందులోనిది. చిన్నప్పుడు సెలవులలో ఆమె పక్కన తెలుగు బైబిలు తెరిచి పెట్టుకొని, వేలితో వరుస వెంట వరుస పోల్చుకుంటూ ఇంగ్లీషు నేర్చుకున్నాను. థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక నాలుగో అధ్యాయంలో, ప్రభువు రాకడ వరకు సజీవులుగా ఉండేవారు నిద్రించినవారిని ‘ప్రివెంట్’ చేయరని ఉంటుంది. బతికి ఉన్నవారు చనిపోయినవారిని ఆపడమేమిటో నాకు ఎంత ఆలోచించినా బోధపడలేదు. తెలుగులో చూస్తే, నిద్రించినవారికంటె ముందుగా చేరము అని తేటగా ఉంది. లాటిన్‌లో ఆ మాటకు ముందు రావడమనే అర్థం. ముందు వచ్చి నిలబడినవాడు దారికి అడ్డమవుతాడు కనుక, అది క్రమంగా ఆపడమైంది.

ఆదికాండం మొదటి అధ్యాయంలో దేవుడు మొక్కలనూ పండ్లనూ మనుషులకు ‘మీట్’గా ఇచ్చానంటాడు. ఆ రోజుల్లో మీట్ అంటే ఆహారం, అది ఏదైనా సరే. మనకు అన్నం అనే మాట నడిచిన దారి కూడా ఇదే కదా. సంస్కృతంలో అన్నమంటే తినేది ఏదైనా కావచ్చు, మన కంచంలోకి వచ్చేసరికి అది వండిన బియ్యమైంది.

కొత్తపట్నం నివాసి:
మాది సముద్రం మీద బతికిన కుటుంబం. చిన్నప్పుడు పడవలో నాన్నతో వెళ్లినప్పుడు చూసిన పని ఒకటి చెబుతాను. బరువు కట్టిన తాడును నీళ్లలోకి వదిలి, అది అడుగుకు తగలగానే పైకి లాగుతూ, రెండు చేతులూ బార్లా చాపి తాడును ఛాతీ మీదుగా కొలిచేవాడు. ఒక చాపుకు ఒక బార. తడి తాడు నుంచి నీళ్లు మోచేతుల మీదుగా కారుతూ ఉండగా ఆయన నోట్లోనే లెక్క పెట్టుకునేవాడు. తరువాత నౌకాశ్రయంలో ఉద్యోగానికి చేరి, పాత సముద్ర పటాలలో లోతులు ‘ఫాదమ్’లలో రాసి ఉండడం చూశాను. ఒక ఫాదమ్ అంటే 6 అడుగులు. పాత ఇంగ్లీషులో ఆ మాటకు చాపిన రెండు చేతులని అర్థమనీ, క్రియగా వాడితే కౌగిలించుకోవడమనీ తెలిసిన రోజున నాకు మా నాన్నే గుర్తుకొచ్చాడు. ఒక విషయం లోతు అంతుపట్టడమనే అర్థం ఆ క్రియకు ఆ తరువాత వచ్చింది. ఎవరి సముద్రం వారిదే అయినా, కొలిచిన చేతులు ఒక్కటే.

నెల్లూరు న్యాయవాది:
వృత్తిలో చేరిన కొత్తలో నేను చేసిన పొరపాటు ఒకటి ఉంది. పాత తీర్పు ఒకదానిలో న్యాయమూర్తి ‘నైస్ క్వశ్చన్’ అని రాస్తే, మంచి ప్రశ్న అడిగారని కక్షిదారుకు తెలుగులో వివరించాను. ఆయన తమ వాదనను మెచ్చుకున్నారనుకొని సంతోషించి ఊరికి వెళ్లిపోయాడు. అక్కడ ఆ మాటకు సూక్ష్మమైన, తేల్చడానికి కష్టమైన అని అర్థమని మా సీనియరు గారు చెప్పిన తరువాత, ఆ కక్షిదారుకు మళ్లీ కబురు చేసి చెప్పవలసి వచ్చింది. ఈ మాటకు మూలం లాటిన్‌లో తెలియనివాడు. ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చిన తొలి రోజుల్లో నైస్ అంటే తెలివితక్కువవాడని అర్థం. అక్కడి నుంచి చాదస్తంగా పట్టింపు కలవాడు, పట్టి పట్టి చూసేవాడు అని మారుతూ, చివరికి బాగుండడం దగ్గర స్థిరపడింది. ‘సిల్లీ’ దీనికి ఎదురు దారిలో నడిచింది: ధన్యుడు, అమాయకుడు, పాపం అనిపించేవాడు, చివరికి తెలివిలేనివాడు.

నా మనవి ఏమిటంటే, అసలు అర్థాలు పాతవే కనుక పిల్లలకు వాటినే సరైనవిగా నేర్పడం మేలు కదా?

మార్కాపురం తెలుగు పండితుడు:
న్యాయవాది గారితో నేను ఏకీభవించలేను. పాతది కనుక సరైనదనే లెక్కన, మనం కంపు అనే మాటను సువాసనకు వాడాలి, ఎందుకంటే ప్రాచీన కవులు అలాగే వాడారు. ఛాందసుడంటే వేదం చదువుకున్నవాడు, ఈనాడు ఎవరినైనా ఆ మాటతో పిలిచి చూడండి. రాముడు నారచీరలు కట్టి అడవికి వెళ్లాడని చదివే పిల్లవాడికి, ఒకప్పుడు చీర అంటే కట్టుకునే బట్ట ఏదైనా అని చెప్పాలి గాని, నేటి చీర అర్థం తప్పని చెప్పకూడదు. ఏ మాటకైనా అది వాడుకలో ఉన్న కాలమే సాక్ష్యం. తీర్పులోని నైస్‌ను ఆ తీర్పు కాలంతోనే చదవాలి.

మరొక ముచ్చట. ఇంగ్లీషులో ‘డీర్’ అంటే మొదట జంతువు ఏదైనా. జర్మన్‌లో దాని తోబుట్టువు మాట ఇప్పటికీ జంతువే. ఇంగ్లీషులో మాత్రం అది జింక దగ్గర ఆగింది. సంస్కృతం నుంచి మనకు వచ్చిన మృగానికి రెండు అర్థాలూ ఉన్నాయి. మృగరాజు అన్నప్పుడు అన్ని జంతువులూ, మృగశిర కార్తె అన్నప్పుడు జింక తల. వాన కోసం ఆకాశం చూసే మా పడమటి రైతు ఆ రెండో అర్థాన్ని ఏటా పలుకుతూనే ఉన్నాడు.

కందుకూరు సర్వేయరు:
నేను భూమి కొలిచినవాడిని కనుక ఆ మాటలే చెబుతాను. మా పెద్దలు ఊరు ఎంత దూరమంటే ఫర్లాంగులలో చెప్పేవారు. ఆ మాటకు నాగటి చాలు పొడవు అని అర్థం, 220 గజాలు. ఎకరమంటే మొదట ఉత్త పొలమే, ఆ తరువాత ఒక జత ఎడ్లు ఒక రోజులో దున్నగలిగే మేర అయింది. ఎడ్మండ్ గంటర్ 1620లో రూపొందించిన 66 అడుగుల గొలుసు పట్టి చూస్తే ఈ లెక్క కళ్లకు కడుతుంది. ఒక ఫర్లాంగు పొడవు, ఒక గొలుసు వెడల్పు కలిస్తే 4,840 చదరపు గజాలు, అంటే ఒక ఎకరం. నెల్లూరులో స్థలాలు అమ్మే అంకణం కూడా మొదట ఇంటి దూలాల మధ్య జాగాయే.

దస్తావేజులలో ‘నిధి నిక్షేప జల తరు పాషాణ’ అని రాస్తాము. అక్కడ నిక్షేపమంటే భూమిలో దాచిన సొమ్ము. బయటకు వచ్చి పిల్లలు ఎలా ఉన్నారని అడిగితే, నిక్షేపంగా ఉన్నారంటాము. పాస్‌పోర్టులోని లెట్ కూడా ఇటువంటిదేనని నాకు తోస్తున్నది. అందరి నోళ్లలో మారిపోయిన మాట కాగితంలో మాత్రం పాత అర్థంతో పడి ఉంటుంది.

కావలి ఉపాధ్యాయుడు:
అందరికీ కృతజ్ఞతలు. పండితుల వారి మాట నాకు బాగా పనికొచ్చింది. పాత అర్థాన్ని తప్పొప్పుల కింద కాక, కాలం పేరు చెప్పి నేర్పుతాను. సర్వేయరు గారి నిక్షేపాన్ని ఈ రోజే తరగతిలో చెప్పాను. ఆ అబ్బాయి పాస్‌పోర్టు వాక్యాన్ని తనే తెలుగు చేసి, ‘ఏ అడ్డూ ఆటంకమూ లేకుండా’ అని రాసి తెచ్చాడు. వాళ్ల నాన్న ప్రయాణం వచ్చే మంగళవారమట. వెళ్లేలోపు ఆ వాక్యం ఆయనకు చదివి వినిపిస్తానన్నాడు.