అప్‌డేట్: చలి వేటలో పాదాలు మొద్దుబారడం, అసలు కారణం దొరికింది

మైనస్ 10 డిగ్రీల చలిలో జింక కోసం మాటు వేస్తే గంటకే పాదాలు మొద్దుబారిపోతున్నాయని, ఇంకా మందం బూట్లు కొనాలా అని అడిగింది నేనే. మొన్న మళ్లీ నాలుగు రోజులు అడవిలో ఉండి వచ్చాను. సమస్య తీరింది. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

కొత్త బూట్లు కొనలేదు. బూట్ల షాపాయన నా రెండు జతల ఉన్ని సాక్సులతోనే పాత బూట్లు తొడిగించి, "వేళ్లు ఆడించండి" అన్నాడు. ఆడితేగా! అంత బిగుతుగా ఉంటే రక్తం సరిగా ఆడదు, మధ్యలో వెచ్చటి గాలి నిలవడానికి చోటూ ఉండదు. ఇప్పుడు ఒకటే మందపాటి జత.

అంతకన్నా పనిచేసింది, చెమట గురించి ఒకరు చెప్పిన మాట. రెండు గంటలు ఎక్కి వెళ్లేసరికి సాక్సులు తడిసిపోయేవి, నేను అలాగే కూర్చునేవాణ్ని. ఈసారి పల్చటి సాక్సులతో, జాకెట్ సంచిలో పెట్టుకుని, కాస్త చలేస్తుండగానే నడిచాను. చోటు చేరాక పాదాలు తుడుచుకుని ఆ మందపాటి పొడి జత వేసుకున్నాను. తీసిన జతను పిండితే నీళ్లు కారాయి, నమ్మండి. కాళ్ల కింద మంచు మీద ఫోమ్ ముక్క కూడా వేశాను. మూడు గంటలు హాయిగా కూర్చున్నా.

బూట్లలో పెట్టుకునే వేడి ప్యాకెట్లు మాత్రం దండగ. అవి వేడెక్కాలంటే గాలి తగలాలి, బూటు లోపల ఎక్కడ తగులుతుంది? జేబులో చేతులకైతే బాగున్నాయి.

జింక మాత్రం దొరకలేదు, అది వేరే పోస్టు.