ఫ్లోరైడ్ తగ్గుదల: లాగ్ తీసి సరళరేఖ గీయాలా, వక్రరేఖనే ఫిట్ చేయాలా?

ఎమ్మెస్సీ విద్యార్థిని, నల్లగొండ:
మా ఊరి బోరు నీటిని యాక్టివేటెడ్ అల్యూమినాతో (ఫ్లోరైడ్‌ను పట్టుకునే పదార్థం) కలియబెడుతూ 15 నిమిషాలకోసారి ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలిచాను. లీటరుకు 5 మిల్లీగ్రాములున్న ఫ్లోరైడ్ 75వ నిమిషానికి 1.0కి, 90వ నిమిషానికి 0.9కి దిగింది. ఆ 0.9నే తుది విలువగా తీసుకొని, ప్రతి రీడింగులోంచి తీసివేసి, మిగిలినదానికి సహజ లాగరిథం కట్టి గీత గీస్తే దాని వాలు నుంచి వేగ స్థిరాంకం (ఫ్లోరైడ్ ఎంత త్వరగా తగ్గుతోందో చెప్పే సంఖ్య) నిమిషానికి 0.048 వచ్చింది, ఆర్ స్క్వేర్ (బిందువులు గీతకు ఎంత దగ్గరగా ఉన్నాయో చెప్పే కొలత, గరిష్ఠం 1) 0.99. లాగ్ తీయకుండా, సరిపోయే విలువలను వెతికిపెట్టే ఎక్సెల్ సాల్వర్‌తో వక్రరేఖనే ఫిట్ చేస్తే 0.040 వస్తోంది. ప్రాజెక్టులో ఏది రాయాలి?

కెమిస్ట్రీ లెక్చరర్, మహబూబ్‌నగర్:
ఘనపదార్థం మీదికి ఇలా చేరే వేగాన్ని లెక్కించే 1898 నాటి లాగర్‌గ్రెన్ సమీకరణానికి సరళరేఖ గీయడమే ఆనవాయితీ. పైగా ఎలక్ట్రోడ్ ఇచ్చే మిల్లీవోల్టులు గాఢత లాగరిథాన్ని అనుసరించి మారతాయి. గాఢత పది రెట్లు మారితే సుమారు 59 మిల్లీవోల్టుల తేడా. అంటే ఒక మిల్లీవోల్టు పొరపాటు ఏ గాఢత దగ్గరైనా దాదాపు 4 శాతమే. లాగ్ తీస్తే ఏ రీడింగుకూ అన్యాయం జరగదు. 0.99 వచ్చాక ఇంకేం కావాలమ్మా?

ఫిజిక్స్ లెక్చరర్, సూర్యాపేట:
సార్, గాఢతకే లాగ్ తీస్తే మీ మాట నిలుస్తుంది. ఇక్కడ లాగ్ తీస్తున్నది తుది విలువ పోను మిగిలినదానికి. 75వ నిమిషంలో 1.0 మీద 4 శాతమంటే 0.04, మిగిలిందేమో 0.1. అంటే పొరపాటు 40 శాతం. మొదటి రీడింగుకు అది 5 శాతమే అయినా గీత రెండింటికీ సమాన గౌరవం ఇస్తోంది. అంతకంటే పెద్ద చిక్కు, 90వ నిమిషానికి నీరు ఇంకా స్థిరపడలేదు. వక్రరేఖ ఫిట్‌లో తుది విలువ 0.8 దగ్గర వచ్చి ఉండాలి, చూడమ్మా. 0.9 తీసివేయడం వల్లనే చివరి బిందువులు కిందికి జారి వాలు పెరిగింది. ఆర్ స్క్వేర్ ఆ సంగతి చెప్పదు.

కెమిస్ట్రీ లెక్చరర్, మహబూబ్‌నగర్:
తుది విలువ సంగతి ఒప్పుకుంటాను. అయితే ఏడు రీడింగులతో మూడు తెలియని విలువలు (మొదటి విలువ, తుది విలువ, వేగ స్థిరాంకం) వెతికితే, వక్రరేఖ తోక చదును కాకముందే, తుది విలువా వేగ స్థిరాంకమూ ఒకదాన్నొకటి లాగుతాయి, కాబట్టి 0.040ని కూడా నేను గుడ్డిగా నమ్మను. మూడు గంటల దాకా కొలిస్తే వాదనే ఉండదు.

ఎమ్మెస్సీ విద్యార్థిని, నల్లగొండ:
సార్, సాల్వర్‌లో తుది విలువ నిజంగానే 0.8 వచ్చింది. ఇంకో సంగతి ఇప్పుడే గమనించాను: 90వ నిమిషపు రీడింగులోంచి దాన్నే తీసివేస్తే సున్నా కాబట్టి, లాగ్ గీతలో అది అసలు లేనే లేదు, గీత ఆరు బిందువులదే. సోమవారం 180 నిమిషాల దాకా మళ్లీ కొలుస్తాను.