అమెరికన్ చెస్ట్‌నట్‌కు గోధుమ జన్యువు: అడవిలో నాటవచ్చునా?

చర్చ ప్రారంభించినవారు:
1904లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలలో తొలిసారి కంటబడిన ఆసియా శిలీంధ్రం ఒకటి అర్ధశతాబ్దం తిరిగేలోగా తూర్పు అమెరికా అడవుల్లోని చెస్ట్‌నట్ అనే తినే కాయల చెట్లను దాదాపు తుడిచిపెట్టింది. చనిపోయినవి 300 నుంచి 400 కోట్లని అంచనా. ఇప్పుడు గోధుమ జన్యువు చేర్చి ఆ చెట్టును మళ్లీ అడవికెక్కించాలంటున్నారు. ఇది సమంజసమేనా?

పెన్సిల్వేనియా నివాసి:
సమంజసమే. మా ఊరి కొండమీద పాత మొదళ్ల నుంచి ఇప్పటికీ పిలకలు వస్తుంటాయి. వేరు చావలేదు, పిలక మణికట్టంత లావయ్యేసరికి బెరడు పగిలి, నారింజరంగు పొక్కులు లేచి, పైభాగమంతా ఎండిపోతుంది. శిలీంధ్రం వదిలే ఆక్సాలిక్ ఆమ్లమే బెరడును చంపుతుంది. గోధుమ జన్యువు ఆ ఆమ్లాన్ని విరిచే ఎంజైమును తయారుచేస్తుందే తప్ప శిలీంధ్రాన్ని చంపదు. మనుషులు తెచ్చిన మొక్కలతో దిగిన తెగులుకు మనుషులే విరుగుడు వెతికితే దాన్ని ప్రకృతిలో జోక్యమని ఎలా అనగలం?

వరంగల్ సభ్యుడు:
జన్యువు గోధుమదన్నది నాకు అభ్యంతరమే కాదు. మా వైపు బీటీ పత్తి నచ్చని రైతు మరుసటి ఏడు ఆ విత్తనం కొనకుండా ఉండవచ్చు (వేరేది దొరకడం కష్టమనుకోండి, అది వేరే సంగతి). అడవిలో చెట్టు అలా కాదు. పుప్పొడి గాలికి పోతుంది, కాయలను ఉడుతలు మోసుకుపోతాయి. పైగా, గోధుమ జన్యువు చేర్చిన చెస్ట్‌నట్ వంశాల్లో డార్లింగ్ 58 అనేదని ఏళ్ల తరబడి అనుకుంటూ పరీక్షించిన మొక్కలు నిజానికి డార్లింగ్ 54 అనే మరో వంశానివని, వాటిలో గోధుమ జన్యువు వేరే క్రోమోజోములో, చెట్టు సొంత జన్యువొకదాని మధ్యలో చేరిందని 2023లో బయటపడింది. ఎదుగుదలా తట్టుకునే శక్తీ ఆశించినట్లు లేవంటూ, ఈ చెట్టు పునరుద్ధరణకు పనిచేసే అమెరికన్ చెస్ట్‌నట్ ఫౌండేషన్ ఆ డిసెంబరులో మద్దతు ఉపసంహరించుకుంది. వాటిని రూపొందించిన, న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ అటవీ కళాశాల మాత్రం పట్టు వదలలేదు. తోటలో ఉండగా బయటపడింది కనుక సరిపోయింది.

పెన్సిల్వేనియా నివాసి:
ఆ పొరపాటును నేనూ సమర్థించను. అయితే ఈ తెగులును తట్టుకునే చైనా చెస్ట్‌నట్‌తో సంకరం చేసినప్పుడు వేల జన్యువులు లెక్కాజమా లేకుండా చేరుతున్నా ఎవరూ అడగరు. ఒక్క జన్యువును గుర్తుపట్టి చేర్చినందుకే ఇన్ని ప్రశ్నలా?

వరంగల్ సభ్యుడు:
ఆ మాట ఒప్పుకుంటాను. అయితే సంకరానికీ అదే షరతు పెడదాం: ప్రతి వంశాన్నీ నాటే ముందు మరో ప్రయోగశాల జన్యుపరీక్ష చేసి నిర్ధారించాలి. సిరక్యూస్ పక్కనే ఒనొండాగా ఆదివాసుల నేల ఉంది. పుప్పొడి పొలిమేర చూసుకొని ఆగదు కనుక, నాటాక కాదు, ముందే వారిని అడగాలి.